పన్నెండు లీటర్ల మొహమాటం

సత్యలక్ష్మికి ఎవరినీ కాదనడం చేతకాదు. ఆవిడ గొంతుకు మాత్రం ఆ విద్య బ్రహ్మాండంగా వచ్చు. ముప్ఫై రెండేళ్ళుగా సినిమాల్లో తల్లులకూ అత్తలకూ డబ్బింగ్ చెబుతున్న మనిషి. తెర మీద ఆ గొంతు ఎంతమంది కొడుకుల్ని గడప దాటించిందో, ఎన్ని పెళ్ళిసంబంధాలు తిరగ్గొట్టిందో ఆవిడకే గుర్తులేదు. మైకు ముందు నుంచి ఇవతలికొచ్చాక అదే గొంతు కూరగాయల బండివాడితో కూడా "వద్దు నాయనా" అనలేక, పుచ్చువంకాయలు సంచిలో వేయించుకుని ఇంటికొస్తుంది.

ఆవిడ భర్త చలపతిరావు పాతికేళ్ళకు పైగా ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, రిటైరై, ఫిల్మ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో స్థిరపడ్డాడు. పొద్దున పేపరు, సాయంత్రం నడక. మధ్యలో మిగిలిన కాలమంతా భార్యను ఆటపట్టించడానికి కేటాయించుకున్నాడు.

ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం. శని, ఆది, సోమ వరసగా సెలవులు కావడంతో అపార్ట్‌మెంట్ సగం ఖాళీ అవుతోంది. లిఫ్టు నిండా సూట్‌కేసులే. ముందుగా తలుపు తట్టింది కింద అంతస్తు శారదాదేవి. మర్నాడు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. నలభైమందిని పిలుచుకుంది.

"వదినగారూ, రేపు వ్రతం లేదండీ," అంది ఆవిడ, గుమ్మంలోనే నిలబడి. "రాజమండ్రిలో మా మరిదిగారి కోడలు ప్రసవించింది. మగపిల్లాడు. పురుడొచ్చింది కదా, ఇంక వ్రతమేం చేస్తాం. రాత్రికే బయల్దేరుతున్నాం."

"శుభమండీ," అంది సత్యలక్ష్మి మనస్ఫూర్తిగా.

"శుభమేననుకోండి. ఎనిమిది లీటర్లు పాలు చెప్పాను. ఆ లక్ష్మయ్య ఫోనెత్తి చావడు. పొద్దున్నే తెచ్చేస్తాడు. మీకిమ్మని కబురు పెడతా. దేవుడికనుకున్న పాలు పారబొయ్యకూడదు కదండీ."

ఇద్దరం మనుషులం, ఎనిమిది లీటర్లు ఏం చేసుకుంటామండీ అనే వాక్యం సత్యలక్ష్మి నోట్లో తయారుగానే ఉంది. బయటికి మాత్రం "బిడ్డ ఎంత బరువున్నాడండీ?" అని వచ్చింది. శారదాదేవి బరువు చెప్పి, వ్రతానికి తెచ్చిన తమలపాకులూ అరటిపళ్ళూ బంతిపూలూ కూడా ఆవిడ ఫ్రిజ్‌లో సర్దించి వెళ్ళింది. ఫ్రిజ్‌లో ఇంక చెంచా పెట్టడానికి చోటు లేకపోయింది.

తర్వాత నాలుగో అంతస్తు సృజన్. ఫోన్‌లో పాల యాప్ ఆపడం మర్చిపోయాడట. రెండు లీటర్ల పాకెట్లు తలుపు దగ్గర పెట్టేసి పోతారు, ఆంటీ తీసుకుంటే బావుంటుంది. ఆ తర్వాత ఐదో అంతస్తు లాస్య. ఆ అమ్మాయి భర్త రవిచంద్ర సినిమాల్లో విలన్ వేషాలు వేస్తాడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి.

"పిల్లల్ని తీసుకుని అమ్మావాళ్ళింటికి వెళ్తున్నా ఆంటీ. మా లీటరు పాలు కూడా మీరే తీసుకోండి. ఇంట్లో ఉంటే ఆయన తాగేస్తారు. పదిహేను రోజుల్లో షూటింగ్. పహిల్వాన్ వేషం, చొక్కా లేకుండా. పాలు, నెయ్యి, పంచదార అన్నీ బంద్. ఆయన ఏ వంకతో వచ్చినా సరే, మీ చేత్తో ఏమీ పెట్టనని మాటివ్వండి."

సత్యలక్ష్మి మాటిచ్చింది. అడిగారుగా మరి.

రాత్రి భోజనాల దగ్గర చలపతిరావు మొత్తం కూడాడు. "ఎనిమిదీ, రెండూ, ఒకటీ. మన లీటరుతో పన్నెండు. సత్యా, మొన్న సినిమాలో సొంత కొడుకునే ఇంట్లోంచి గెంటేశావు. లీటరు పాలు వద్దనలేకపోయావా?"

"అది రాసిచ్చిన డైలాగండీ."

"నేను రాసిస్తా. గుమ్మం పక్కన అంటించుకుని చదువు."

ఆవిడ మజ్జిగ పోసింది, కాస్త ఎక్కువగానే.

పొద్దున ఆరింటికి లక్ష్మయ్య రెండు క్యాన్లు గుమ్మంలో దించాడు. షేక్‌పేటలో అతనికి ఇంకా పది బర్రెలున్నాయి. "శారదమ్మ మీకియ్యమన్నదంట. పొద్దుగాల పిండిన పాలు. జల్ది కాగబెట్టుండ్రి అమ్మా. జర ఎండెక్కిందంటే నాకు తెల్వదు," అని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఎనిమిది లీటర్లు ఒకేసారి కాచే గిన్నె ఇంట్లో లేదు. నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెడదామంటే, నాలుగూ ఒక్కసారే పొంగుతాయని ఆవిడ భయం. అప్పుడు చలపతిరావు పేపరు మడిచి, స్టూలేసుకుని, అటక మీంచి ఒక అల్యూమినియం గుండిగ దించాడు. దాని మీద ఎర్ర రంగుతో ఏదో సినిమా కంపెనీ పేరు సగం చెరిగిపోయి ఉంది.

"ఇది మన అటక మీదికెలా వచ్చింది?" అంది సత్యలక్ష్మి.

"ఆ సినిమా విడుదల కాలేదు. గుండిగైనా కావాలి కదా," అన్నాడు చలపతిరావు.

ఎలా వచ్చినా, అది లేకపోతే ఆ పొద్దున గడిచేది కాదు. బర్రె పాలు గుండిగలో నిదానంగా కాగుతుంటే ఆయన పక్కన నిలబడి తన అనుభవం చెప్పడం మొదలుపెట్టాడు. అరకులో మూడువందలమందికి ఇడ్లీలు పెట్టించిన రోజు, వర్షంలో వంటబండి బురదలో దిగబడిన రోజు. ఇంతలో పాలు పొంగాయి. రెండు గరిటెల పాలు పొయ్యి మీద పడి మాడు వాసన వచ్చింది.

"మూడువందలమందికి కూడా మీరిలాగే చూస్తూ నిలబడ్డారా?" అంది సత్యలక్ష్మి మంట తగ్గిస్తూ.

ఎనిమిదింటికి పనిమనిషి దేవమ్మ వచ్చి, చెప్పులు బయట విడిచి, వంటింట్లోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయింది.

"ఏందమ్మా గిది? దావతు గిట్ల ఉన్నదా? నాకు చెప్పనేలేదు."

సత్యలక్ష్మి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. దేవమ్మ చీరకొంగు నడుముకు దోపుకుంటూ అంతా విన్నది. "గందరు తెచ్చి నీ నెత్తిన పెడుతుంటే ఒక్కల్ని కూడ వద్దనలేదా? నువ్వు మంచిదానివమ్మా. గట్లనే ఉండు. మాకు పని దొరుకుతది," అంది.

ఇద్దరూ కూర్చుని పంపకం చేశారు. ఐదు లీటర్లు తోడు పెట్టాలి. నాలుగు లీటర్లు కోవాకు. లీటరు పరమాన్నానికి. ఇక మిగిలింది సృజన్ పాకెట్లు రెండు లీటర్లు. అవి అప్పటికి మూడుగంటలుగా నాలుగో అంతస్తు తలుపు ముందు, ఎండ తగిలే చోట కూర్చుని ఉన్నాయి. ఆ సంగతి చలపతిరావుకు గుర్తుంది. తెస్తానని ఆరింటికి ఆయనే అన్నాడు కాబట్టి గుర్తుంది. తొమ్మిదింటికి వెళ్ళి తెచ్చాడు. గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టగానే అవి ముక్కలుముక్కలుగా విరిగిపోయాయి.

సత్యలక్ష్మి మొహం వాడిపోయింది. తనవి కాని పాలు. తనను నమ్మి అప్పజెప్పి వెళ్ళాడు ఆ అబ్బాయి. చలపతిరావుకు కూడా ఆ క్షణంలో ఏ షూటింగూ గుర్తురాలేదు.

"ఇరిగితే ఇరిగినయ్ తీయ్," అంది దేవమ్మ. "గట్ల మొకం పెడితే అతుక్కుంటయా? బెల్లమున్నదా ఇంట్ల? జర మంచిగ దగ్గరికి ఉడకపెడితే మా మనుమలు గిన్నె కూడ ఉంచరు. సారూ, నువ్వు ఆడ నిలబడకు, బెల్లం కొట్టియ్యి."

సారు బెల్లం కొట్టాడు. మూడు పెద్ద గడ్డలు చెదిరి గ్యాస్‌బండ కిందికి పోయాయి. ఎవరూ చూడలేదనుకున్నాడు గానీ దేవమ్మ చూసింది. చూసి, "చీమలకు కూడ దావతే," అని ఊరుకుంది.

పదింటికి కోవా మొదలైంది. బాణలిలో నాలుగు లీటర్ల పాలు పోసి, సన్నని సెగ మీద అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. గరిటె ఆగితే అంతే సంగతులు. సత్యలక్ష్మి అరగంట తిప్పేసరికి మణికట్టు లాగింది. చలపతిరావు పెద్దమనసుతో గరిటె అందుకున్నాడు. పది నిమిషాలు తిప్పాడు. ఆ తర్వాత ఆయనకు ఒక ముఖ్యమైన ఫోను చేయవలసిన పని గుర్తొచ్చింది. మళ్ళీ సత్యలక్ష్మే పట్టుకుంది. పాలు సగానికి మరిగాయి. తెలుపు పోయి మీగడ రంగొచ్చింది. ఏలకుల పొడి వేయకముందే ఆ వాసన వంటింటి కిటికీలోంచి బయటపడి, పై అంతస్తులకు ఎగబాకింది.

పదకొండింటికి కాలింగ్ బెల్ మోగింది. గుమ్మం నిండా రవిచంద్ర నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఏదో వాసనొస్తోంది," అన్నాడు. సినిమాల్లో ఆ గొంతు వింటే పిల్లలు పక్క మీదే ముడుచుకుంటారు. ఇప్పుడు మాత్రం బళ్ళో దాహమేసిన పిల్లాడి గొంతులా ఉంది.

సత్యలక్ష్మికి లాస్యకిచ్చిన మాట గుర్తొచ్చింది. లోపలికి రా నాయనా అని పిలవకుండా ఉండలేదు. పిలిచింది. అతను వంటింటి గడప దగ్గర చేతులు కట్టుకు నిలబడి బాణలి వంక చూశాడు.

"నేను తినడానికి రాలేదమ్మా. వాసన చూసి పోదామని."

"లాస్యకు మాటిచ్చాను నాయనా," అంది ఆవిడ, తప్పు చేసినదానిలా. "నా చేత్తో ఏమీ పెట్టనని."

రవిచంద్ర తల ఊపాడు. "మీరెప్పుడు పెట్టారులెండి. నాలుగేళ్ళ కిందట సినిమాలో మా అమ్మకు మీరే కదా డబ్బింగ్ చెప్పారు. 'ఈ ఇంట్లో నీకు పిడికెడు మెతుకులు కూడా లేవు' అన్నారు. ఆ డైలాగు విని నేను థియేటర్‌లో నిజంగానే ఏడ్చాను."

హాల్లోంచి చలపతిరావు నవ్వు వినిపించింది. ముఖ్యమైన ఫోను అయిపోయినట్టుంది.

సత్యలక్ష్మి ఇరుకున పడింది. జీవితంలో అడిగినవాళ్ళను కాదనలేదు. లాస్య పెట్టనని మాటివ్వమని అడిగింది, ఇచ్చింది. ఇప్పుడు ఇతను నోరు తెరిచి అడక్కుండానే అడుగుతున్నాడు. ఇద్దర్నీ ఎలా సంతోషపెట్టాలో ఆ గరిటె తిప్పుతూ ఎంత ఆలోచించినా తోచలేదు. పొద్దున్నుంచీ ఉడకబెట్టిన దోసకాయ ముక్కలు తప్ప ఏమీ తిని ఉండడు. ఇంట్లో పిల్లలు కూడా లేరు. ఒక్కడే కూర్చుని గోడలు చూస్తుంటాడు. ఆ ఆలోచన రాగానే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్ఫై రెండేళ్ళ అలవాటు మరి.

గట్టు మీద గిన్నెలు సర్దుతున్న దేవమ్మ వెనక్కి తిరిగింది. "గంత పెద్ద చేతులు పెట్టుకొని ఊకె నిలబడ్డడు. గరిటె ఇయ్యరాదమ్మా ఆయనకి. నీ చెయ్యి పడిపోతున్నది."

సత్యలక్ష్మి గరిటె చాపింది. రవిచంద్ర అందుకున్నాడు.

అతను తిప్పడం చూసి తీరవలసిందే. బాణలి అడుగు నుంచి తెచ్చి పైకి, అంచుల నుంచి తెచ్చి నడుమకు. భుజాల దగ్గర కండలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. గంటకు పైగా గరిటె ఆగలేదు. మధ్యలో చలపతిరావు వచ్చి, "బాబూ, జిమ్‌కు ఫీజెందుకు, రోజూ ఇక్కడికొచ్చెయ్," అన్నాడు.

"చిన్నప్పుడు మా అమ్మ గరిటె ఇచ్చేది కాదు గురువుగారూ, మాడ్చేస్తానని," అన్నాడు రవిచంద్ర, కళ్ళు బాణలి మీంచి తిప్పకుండా. "ఇదే మొదలు."

పంచదార పడింది, కరిగింది, మళ్ళీ చిక్కబడింది. ఏలకుల పొడి పడింది. కోవా బాణలిని వదిలి ముద్దగా గరిటెను పట్టుకుంది. సత్యలక్ష్మి నెయ్యి రాసిన పళ్ళెంలోకి దాన్ని తీసి, చదును చేసి, మూతపెట్టి, పళ్ళేన్ని హాల్లోకి తీసుకెళ్ళిపోయింది. మాట మాటే. తిరిగొచ్చి చూస్తే రవిచంద్ర ఇంకా గరిటె పట్టుకునే నిలబడి ఉన్నాడు. బాణలి అంచుల వెంట, అడుగున, ఎర్రగా వేగిన కోవా అంటుకుని ఉంది.

ఆవిడకు ఒక్కసారిగా దారి కనిపించింది.

"ఆ బాణలి సింకులో పడెయ్యి నాయనా," అని, కిటికీ వైపు తిరిగి దూరంగా షేక్‌పేట ఫ్లైఓవర్ మీద పోయే బళ్ళను చూడసాగింది.

"తిప్పినోళ్ళదే గోకుడు," అంది దేవమ్మ గాలిలోకి. "మా దిక్కు గదే రివాజు."

సింకు రెండడుగుల దూరంలో ఉంది. ఆ రెండడుగులు నడవడానికి రవిచంద్రకు పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఇనుప గరిటె బాణలిని గీకుతున్న చప్పుడు తప్ప వంటింట్లో ఏమీ వినిపించలేదు. బాణలి సింకులోకి వెళ్ళేసరికి తోమవలసిన అవసరం దాదాపుగా లేదు.

సరిగ్గా అప్పుడే సత్యలక్ష్మి ఫోన్ మోగింది. లాస్య, వీడియో కాల్. బాణలి మీద కొళాయి తిప్పుతున్న రవిచంద్ర చప్పున ఫ్రిజ్ పక్కన నక్కాడు. పద్నాలుగు సినిమాల్లో పోలీసులకు దొరకని మనిషే గానీ, సగం భుజం బయటే ఉండిపోయింది.

"ఆంటీ, ఆయన ఫోన్ ఎత్తట్లేదు. ఇంట్లో ఉన్నారా, ఎక్కడికైనా వెళ్ళారా?"

కాదనడమే రాని మనిషికి అబద్ధమాడటం ఎలా వస్తుంది? "ఇక్కడే ఉన్నాడమ్మా. బాణలి కడుగుతున్నాడు."

"మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడగరు ఆంటీ." లాస్య గొంతు అనుమానంగా మారింది. "మీరేమైనా పెట్టారా?"

"ఒట్టు తల్లీ. నా చేత్తో ఏమీ పెట్టలేదు."

"ఓసారి చూపించండి."

సత్యలక్ష్మి ఫోన్ తిప్పింది. రవిచంద్ర ఫ్రిజ్ పక్కనుంచి బయటికొచ్చి, ఎలా నిలబడాలో తెలియక నిలబడ్డాడు. మీసం కుడివైపు కోవా తునక ఒకటి అంటుకుని ఉంది. లాస్య ఆ తునక వంకే చూసింది. తర్వాత ఫోన్‌లోంచి నవ్వు మొదలైంది, మొదట చిన్నగా, ఆపైన ఆగకుండా.

"మీసం తుడుచుకోండి. సాయంత్రం ఇంకో గంట పరిగెత్తండి. ఆంటీ, నాకు నాలుగు బిళ్ళలు దాచండి. ఆయనకు తెలియని చోట."

సాయంత్రం పంపకాలు చలపతిరావు తీసుకున్నాడు. అప్పటికి పెరుగు తోడుకుంది, కోవా బిళ్ళలుగా కోసి ఉంది. దేవమ్మ బెల్లం వేసి ఉడికించిన విరుగుడు గిన్నె, పెరుగు డబ్బా పట్టుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. మిగిలినవాటిని క్యారియర్లో సర్దుకుని ఆయన వాచ్‌మన్ ఇంటికీ, ఊరెళ్ళని నాలుగు ఫ్లాట్లకూ, పక్కన కడుతున్న బిల్డింగ్‌లో కూలీలకూ వెళ్ళాడు. గంటన్నర తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఏమైందండీ?"

"తలుపు తీసిన ప్రతివాళ్ళూ ఏంటి విశేషమంటారు. పాలు మిగిలాయంటే మిగిలిపోయినవి తెచ్చామనుకుంటారని, ఊరికేనన్నాను. ఎవరూ నమ్మలేదు. రెండో అంతస్తు పెద్దాయన నాకు డెబ్భై నిండాయనుకున్నాడు. ఆయన మిగతావాళ్ళకు ఫోన్ చేసి చెప్పాడు. అందరూ శుభాకాంక్షలే. వాచ్‌మన్ భార్య కాళ్ళకు దండం పెట్టింది."

"కాదని చెప్పకపోయారా? మీకింకా అరవై ఆరేగా."

"చెప్పబోయాను. అప్పటికే ఆయన శాలువా కప్పేశాడు," అంటూ చలపతిరావు చేతిసంచిలోంచి మడిచిన శాలువా తీసి సోఫా మీద పెట్టాడు. సత్యలక్ష్మి ఆ శాలువా వంకా, ఆయన వంకా చూసి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఏడింటికి మళ్ళీ ఫోన్. శారదాదేవి, రాజమండ్రి నుంచి. పాలు వృథా కాలేదని విని ఆవిడ పొంగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, రేపటికి కూడా లక్ష్మయ్యకు చెప్పి ఉంచానని, చుట్టాలు ఆదివారం కూడా ఉంటారనుకున్నానని, ఆ సంగతే మర్చిపోయానని చెప్పింది. సత్యలక్ష్మి చలపతిరావు వైపు నిస్సహాయంగా చూసింది. ఆయన సోఫాలోంచి లేచాడు.

"ఇటివ్వు. ఇవాళ నీకు నేర్పిస్తా. గట్టిగా, మర్యాదగా, రెండే ముక్కల్లో." ఫోన్ అందుకుని, గొంతు సవరించుకున్నాడు. "అమ్మా శారదమ్మా, విషయమేమిటంటే."

అవతల ఆవిడ మాట్లాడుతోంది. ఆయన వింటున్నాడు. పిండాక ఆ పాలు లక్ష్మయ్య పాపం ఎవరికి పోసుకుంటాడన్నట్టు ఏవో మాటలు వినిపించాయి. వెనక పసివాడి ఏడుపు కూడా వినిపించింది. చలపతిరావు భుజాలు కాస్త కిందికి జారాయి.

"అయ్యో, ఎంతమాట. అబ్బే, ఇబ్బందేముందమ్మా. మేం చూసుకుంటాం. మీరు నిశ్చింతగా ఉండండి," అని ఫోన్ పెట్టేశాడు.

ముప్ఫై రెండేళ్ళలో ఏ తల్లికీ చెప్పనంత మెత్తగా, "ఎన్ని లీటర్లటండీ?" అని మాత్రం అడిగింది సత్యలక్ష్మి.

చలపతిరావు పేపరు తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అడగలేదు," అన్నాడు పేపరు వెనక నుంచి. "అడగడానికి మొహమాటమేసింది."